మా వసపిట్ట నోరు మూసుకున్న వైనం

మా ఆడపడుచును ఇంట్లో అందరూ వసపిట్ట అంటారు. ఆ పేరు నేను పెట్టింది కాదు, నేను కాపురానికి రాకముందు నుంచీ ఉంది. నేను పెట్టి ఉంటే ఇంకాస్త గట్టి పేరే పెట్టేదాన్ని. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కూడా నురగ నోటితో ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఆ చెప్పేవాటిలో సగం తన మాటలు కావు, ఎదుటివాళ్ళవి. ఎవరైనా ఒక మాట మొదలుపెడితే చాలు, మిగతాది తను అందుకుని పూర్తి చేస్తే గాని దానికి అన్నం సహించదు.

నాకేమో చిన్నప్పట్నుంచీ నత్తి. అన్ని మాటలకూ రాదు. కొన్ని మాత్రం గొంతు దాకా వచ్చి అక్కడ చతికిలబడతాయి, ఎంత తోసినా కదలవు. ఇలాంటి దాన్ని తెచ్చి అలాంటి దాని పక్కన కూర్చోబెడితే ఏమవుతుంది? నోరు తెరిచేది నేను, మాట్లాడేది అది. కోడలి మనసులో మాట కూతురికి ఇట్టే తెలిసిపోతుందని మా అత్తయ్య నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిస్తే, వదినకు ఆకలేస్తోందట అంటూ పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టేది.

అలాంటి పిల్ల డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా స్పీచ్ థెరపీలో పీజీ చేస్తానంది. మాట సరిగ్గా రానివాళ్ళకు సాయపడే చదువు. టీ తాగుతున్న మా ఆయనకు ఒక్కసారిగా పొలమారింది. కానీ పిల్ల పట్టు పట్టిందంటే వదలదు. మార్కులు బాగానే వస్తున్నాయి. అవొక్కటే చాలవట. ఒక క్లినిక్‌లో కొన్నాళ్ళు కూర్చుని పని ఎలా జరుగుతుందో గమనించాలి, అక్కడి థెరపిస్టు మంచి సిఫారసు రాసివ్వాలి. అది లేకపోతే సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇక అప్పట్నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. ఎవరు ఆవలిస్తే వాళ్ళ నోట్లోకి టార్చిలైటు వేసి తొంగిచూసేది. అత్తయ్య నోట్లో కొండనాలుక చూసి, దాని బొమ్మ గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఇంటికొచ్చిన వాళ్ళు అదేదో పువ్వనుకుని బాగుందన్నారు. మా ఆయన గురకను ఫోన్‌లో రికార్డు చేసి, గాలి ఎక్కడ అడ్డం పడుతోందో నాకు పాఠం చెప్పేది. అది నాకు ఎంతో కాలంగా తెలిసిన పాఠమే, పుస్తకాలేవీ లేకుండానే.

క్లినిక్‌లో మాత్రం దాని పప్పులు ఉడకలేదు. అక్కడి థెరపిస్టును అందరూ మేడం అంటారు. పక్షవాతం వచ్చి మాట పోయిన ఒక పెద్దాయనకు మేడం బొమ్మల అట్టలు చూపించి పేర్లు చెప్పిస్తోంది. తాళంచెవి బొమ్మ వచ్చింది. ఆయన పెదాలు కదిలాయి, మాట నాలుక చివరికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే మూలనున్న కుర్చీలోంచి మా వసపిట్ట "తాళంచెవి" అనేసింది. పెద్దాయన దాని వంక చూసి, అట్టను బోర్లించేశాడు. ఆ రోజుకు మళ్ళీ నోరు తెరవలేదు.

మేడం దీన్ని వరండాలోకి పిలిచి వాయించింది. "ఆయన ఎన్నాళ్ళుగానో ఆ మాట కోసం తంటాలు పడుతున్నాడు. నువ్వు లాగేసుకున్నావు. ఇలాగైతే నేను సంతకం పెట్టలేను" అంది. ఆఖరికి ఇది ఏడిస్తే ఒక అవకాశం ఇచ్చింది. నత్తి ఉన్న మనిషి ఎవరైనా, వాళ్ళ అనుమతితో, ఏదైనా కబురు చెబుతుంటే రికార్డు చేసి తేవాలి. అందులో దీని గొంతు ఎక్కడా వినిపించకూడదు.

ఇంటికొచ్చి ముక్కు చీదుకుంటూ ఇదంతా చెప్పింది. చెప్పి, నీకు సమ్మతమేనా వదినా అని బుద్ధిగా అడిగింది. నేను నోరు తెరిచేలోపే, వదిన ఒప్పేసుకుందని వంటింట్లో ఉన్న తల్లికి కేకేసి చెప్పింది.

సరే, దొరికావు అనుకున్నాను. ఎన్నేళ్ళ కసి! ఫోన్ బల్ల మీద పెట్టింది. ఒకసారి బస్సులో గొడుగు మర్చిపోయిన సంగతి మొదలుపెట్టాను. బస్సు అనే మాట నాకు ఎప్పుడూ అడ్డం పడదు. ఆ రోజు పడింది. మొదటి అక్షరం దగ్గర ఆగి, చెవి దుద్దు సర్దుకున్నాను. గోడ మీద బల్లిని చూశాను. వసపిట్ట చున్నీ కొస నోట్లో కుక్కుకుంది, మొహం కందగడ్డలా అయింది. బల్లి తాపీగా వెళ్ళి పురుగును పట్టుకున్నాక అప్పుడు బస్సు అన్నాను. గొడుగుకు ఇంకాస్త ఎక్కువ సేపు తీసుకున్నాను. ఆ ఇంట్లో అంత హాయిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

అది విన్న మేడం నన్ను కూడా తీసుకురమ్మందట. మెచ్చుకోవడానికే అనుకుని మంచి చీర కట్టుకుని వెళ్ళాను. పిల్లల కోసం వేసిన బుల్లి కుర్చీల్లో మేమిద్దరం మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. ఎదురుగా గోడకు పెద్ద అద్దం. మేడం రికార్డు పెట్టి, బస్సు దగ్గర ఆపింది. ఇది నత్తి కాదంది. మాట పట్టేసినప్పుడు ఊపిరి బిగుసుకోవడం వినిపిస్తుందట, ఇందులో నేను తీరిగ్గా గాలి పీలుస్తున్నానట.

అద్దంలో నా మొహం నాకే చూడబుద్ధి కాలేదు. మేడం మాత్రం నన్నేమీ అనలేదు. వసపిట్ట వైపు తిరిగింది. "ఇన్నేళ్ళు పక్కనే ఉన్నావు. ఏది నిజమో ఏది నాటకమో నీకు తెలియలేదంటే, ఈవిడ మాట ఒక్కటైనా చివరిదాకా విన్నావా?" అని, సిఫారసు సంగతి వచ్చే ఏడాది చూద్దామంది.

పిల్ల కళ్ళు నిండిపోయాయి. నా సరదా దాని ఏడాదికి ఎసరు పెట్టింది. నాకు సిగ్గేసింది, జాలీ వేసింది. తప్పు నాదేనని చెబుదామని గబుక్కున నోరు తెరిచాను. తెరిస్తే వచ్చింది వేరే మాట, నేను ఎన్నడూ ఎవరితోనూ అననిది.

పెళ్ళికి ముందు నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేదాన్ని. చేతికి మంచి పేరుండేది. కాపురానికి వచ్చిన కొత్తలో, మళ్ళీ పనికి వెళ్తావా అని అత్తయ్య అడిగింది. నాకు ఇంట్లో కూర్చోవడం అని మొదలుపెట్టి ఆగిపోయాను. స్కూలు బట్టల్లో ఉన్న ఈ పిల్ల, ఇష్టమట అని పూర్తి చేసేసింది. అందరూ సంతోషించారు. నా పని అంతటితో ముగిసిపోయింది. ఆ తర్వాత ఆ దుకాణం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఏడుపొచ్చేది.

ఇదంతా వాళ్ళిద్దరికీ ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా చెప్పాను. చివరికి, "నాకు ఇంట్లో కూర్చోవడం" అన్నాక గొంతు నిజంగానే బిగుసుకుపోయింది. మెడ నరాలు లాగేశాయి, కన్ను ఒకటి మూతపడింది. వసపిట్ట చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, పొయ్యి మీద పాలను చూస్తున్నట్టు నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"చేతకాదు" అన్నాను. "ఇష్టమని నేను అనలేదే. నువ్వన్నావు."

నువ్వేమైనా చెబుతావా అని మేడం దాన్ని అడిగింది. అది చెంపలు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది.

"వదిన చెప్పడం అయిపోయిందో లేదో తెలీదు మేడం" అంది.

మేడం క్లినిక్ పేరు అచ్చేసిన కాగితం ఒకటి ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసింది.

నిజానికి నాది అయిపోలేదు. "రేపట్నుంచి నేను పని వెతుక్కుంటా. ఇంట్లో వంట..." అన్నాను. మళ్ళీ పట్టేసింది. ఈసారి నాటకం లేదు. మిగతాది ఏమిటో మా వసపిట్టకు తెలిసిపోయిందని దాని మొహమే చెబుతోంది. పెదాలు విడివడ్డాయి. మేడం పెన్ను కాగితం మీద ఆగింది. పిల్ల నన్ను చూసి, పెదాలు మళ్ళీ మూసుకుంది.

ఎంతసేపటికో నా అంతట నేనే అనగలిగాను. "నువ్వే చెయ్యాలి."