తప్పుకునే వేళ: బనియాస్ నుంచి డేరా దాకా ఒక ఆదివారం

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం మార్తమ్మక్క వెంట అబుదాబి నుంచి దుబాయ్ వెళ్ళాను. అక్కది రాజోలు దగ్గర పల్లె. ఏళ్ళ తరబడి అరబ్బుల ఇళ్ళలో వంట చేసి, ఇప్పుడు అబుదాబి శివారు బనియాస్‌లో కుట్టుపని దుకాణం నడుపుతోంది. నా జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. మా తెలుగు సంఘం ఎన్నికల్లో రెండు ప్యానెళ్ళు పోటీపడతాయి. అధ్యక్ష పదవికి మా ప్యానెల్ తరఫున ఎవరు నిలబడాలో ముందు మాలో మేమే, ఆ సాయంత్రం దుబాయ్‌లోని డేరా పేటలో మీటింగు పెట్టుకుని, చేతులెత్తి తేల్చుకోవాలి. ఈసారి ఆ పోటీలో ముగ్గురు: అల్ వర్సాన్ కార్మికుల క్యాంపులో ఉండే సైట్ సూపర్‌వైజర్ శ్రీనివాస్, దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే ప్రసాద్ గారు, మా అక్క. అక్క కోరేది ఒక్కటే. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి సెలవు రోజున కూర్చోడానికి డేరాలో ఒక గది కావాలి. ఎండాకాలమంతా వాళ్ళు ఏ మాల్ బెంచీ మీదో కూర్చుని, ఎవరైనా లేపితే ఇంకో బెంచీ వెతుక్కుంటూ పొద్దుపుచ్చుతారు. ప్రసాద్ గారేమో సంఘం డబ్బుతో ఉగాదికి పెద్ద స్టేజీ వేద్దామంటారు. శ్రీనివాస్ ఏ సంగతీ తేల్చడు. అక్క మూడో స్థానంలో ఉందని అందరికీ తెలుసు. పరువు దక్కేలా ముందే తప్పుకోమని దారిలో చెబుదామనే నేను బయల్దేరాను.

పొద్దున్నే బనియాస్‌లో దుకాణం తెరిచేసరికి పదిమంది దాకా ఆడవాళ్ళు చేరారు. అక్క తలా ఒక గ్లాసు సులేమానీ పోసింది, పాలు లేని టీ, అంతే. పక్క వీధిలో పిల్లల్ని చూసుకునే నాగమణి గ్లాసు ముట్టకుండానే మొదలుపెట్టింది.

"గదంటున్నావు సరే. తాళం ఎవరికాడ ఉంటాది? మగోళ్ళు మీటింగెట్టుకుని మమ్మల్ని బయటికి పొమ్మంటే?"

"ఆళ్ళెందుకంటారే?"

"అనరని నువ్వు పూచీ ఉంటావా?"

అరగంట అలాగే దులిపేశారు. సాయంత్రం వ్యాన్ మాట్లాడుకుని డేరా వస్తామని మాత్రం అన్నారు. సొంత మనుషులే ఇలా ఉంటే ఇంకేం గెలుస్తుందని నాకు నీరసం వచ్చింది.

బనియాస్ నుంచి ముసఫ్ఫా షాబియా దాకా టాక్సీ, అక్కడి నుంచి ఇబ్న్ బతూతాకి పాతిక దిర్హాముల బస్సు. దారి పొడవునా ఇసుకా, హోర్డింగులే కాబట్టి కిటికీ సీటు కోసం కొట్టుకోవాల్సిన పని లేదు. ఇబ్న్ బతూతాలో మెట్రో ఎక్కితే సెంటర్‌పాయింట్ దాకా గంటకు పైనే పడుతుంది, ఏడున్నర దిర్హాములు. అక్కడ బస్సు మారి ఇంటర్నేషనల్ సిటీ పక్కనున్న అల్ వర్సాన్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. దారంతా అక్క కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూనే ఉంది. ప్రార్థన అనుకున్నాను. అడిగితే, ఎవరెవరు చెయ్యెత్తుతారో లెక్కపెట్టుకుంటున్నానంది. ఇక తప్పుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అల్ వర్సాన్ క్యాంపు మెస్‌లో ఓట్లడగబోయిన మాకు జరిగిన మర్యాద అల్లుడికి కూడా జరగదు. మెస్ చూసుకునే పాలకొల్లు పెద్దాయన మా కోసం కోడికూర, బగారా అన్నం, సేమ్యా పాయసం చేయించాడు. నేను ఆకలిగా లేదంటే ఇంకో గరిటె వడ్డించాడు. గది గురించి ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

"ఆయ్, మన గోదారి మనిషి నిలబడితే మేం ఇంకెక్కడికెళ్తామండీ? తినండి ముందు," అన్నాడాయన.

వచ్చేటప్పుడు రెండు డబ్బాల నిండా పాయసం కట్టిచ్చి టాక్సీ కూడా పిలిచాడు. అక్క ముఖం వెలిగిపోతోంది. "సూశారా సుధమ్మా, క్యాంపంతా మనదే," అంది. నేనూ నమ్మాను. నా సలహా నోట్లోనే ఉండిపోయినందుకు సంతోషించాను కూడా.

డేరాకి టాక్సీ నలభై దిర్హాముల లోపే అయింది. డ్రైవరు పెషావర్ వైపు మనిషి. అద్దంలోంచి మా ఒళ్ళో డబ్బాలు చూసి, పెళ్ళి నుంచి వస్తున్నారా అని హిందీలో అడిగాడు. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. డబ్బాల వైపు చూస్తూ అంది:

"పోయినసారి ఒకాయన నా దుకాణానికి ఓటడగడానికి వచ్చాడు. నా ఓటు వేరే ఆయనకని అప్పటికే మాటిచ్చేశాను. మొహం మీద లేదనలేక రొయ్యల వేపుడు చేసి అన్నం పెట్టాను. రెండోసారి కూడా వడ్డించాను సుధమ్మా."

అర్థమవడానికి నాకు కొంచెం టైం పట్టింది. క్యాంపులో వాళ్ళంతా శ్రీనివాస్ కింద పనిచేసేవాళ్ళు. వాళ్ళ చేతులు ఎవరికి లేస్తాయో తేలిపోయినట్టే. మమ్మల్ని కాదనలేక కడుపు నింపి పంపారు. గోదారి మర్యాద గురించి గోదారి మనిషికే గుర్తు లేకపోయింది.

మీటింగు డేరాలో ఒక హోటల్ మేడ మీద. ఇంకా టైం ఉందని అబ్రా ఎక్కాం. క్రీక్ అనే సముద్రపు పాయని దాటించే ఈ చెక్క పడవకి దిర్హామే. అవతలి ఒడ్డున దిగకుండా ఇంకో దిర్హామిచ్చి అదే పడవలో వెనక్కి వచ్చాం. గాలి హాయిగా ఉంది. పొద్దుటి నుంచి దాచుకున్న మాట అప్పుడు చెప్పాను. "తప్పుకో అక్కా. నాలుగు చేతులు లేస్తే చూసి నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీండి, దానికి కాదు. నేనుంటే మా ఆడోళ్ళ చేతులు శ్రీనుకి పడవు, ప్రసాద్ గారు నెగ్గేస్తారు. గది ఖలాస్. అలాగని పొద్దున్నే తప్పుకునుంటే శ్రీను నన్ను పలకరించేవాడా? ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇప్పుడింకా ఓడలోనే ఉన్నాడు."

హోటల్ మెట్ల దగ్గర శ్రీనివాస్‌ని ఆపింది. నేను పక్కనే ఉన్నాను. తను తప్పుకుంటానంది. బదులుగా గది ఇస్తానని, తాళం ఆడవాళ్ళ దగ్గరే ఉంటుందని అతను చెప్పాలంది.

"గెలిచినంక జూద్దాం తియ్యి అక్కా. నేనేడికి పోత?"

"ఇప్పుడే తమ్ముడూ. చేతులెత్తక ముందు, మైకులో."

అతను తల గోక్కుని పైకి చూశాడు. ప్రసాద్ గారి మనుషులు కుర్చీలు నింపేస్తున్నారు. "సరే, యల్లా, పోదాం పా," అన్నాడు.

మైకులో మాట తప్పకుండా చెప్పాడు. తర్వాత అక్క లేచి తప్పుకుంటున్నానంది. వెనక వరసలో నాగమణి లేచి నిలబడింది. వారానికొక్క సెలవు, అది ఈ వ్యాన్ ప్రయాణానికే ఖర్చుపెట్టి వచ్చింది మరి. "మమ్మల్నొక్క మాట అడిగావా? నీ కోసం వచ్చాం, ఈయన కోసం కాదు," అని అందరి ముందూ కడిగేసింది. అక్క మైకు దించింది. తల వంచుకుని నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. చేతులు లెక్కపెట్టేటప్పుడు రెండువైపులా దాదాపు సమానంగా ఉన్నాయి. మిగిలిన ఆడవాళ్ళు ఎత్తాక, అందరికంటే ఆఖర్న, మొహం పక్కకి తిప్పుకుని నాగమణి చెయ్యెత్తింది. శ్రీనివాస్ నెగ్గాడు. తర్వాత అసలు ఎన్నికలోనూ గెలిచాడు.

వెనకబడినవాళ్ళు ఎప్పుడు తప్పుకోవాలని ఈ మధ్య నన్ను ఎవరైనా అడిగితే ఆ పడవే గుర్తొస్తుంది. పరువు కోసమైతే ఎప్పుడు తప్పుకున్నా ఒకటే, ఎవరూ గుర్తుపెట్టుకోరు. నిలబడింది ఒక పని కోసమైతే, మన చేతులు ఇంకొకరికి అవసరమైన ఆ కాసేపట్లోనే తప్పుకోవాలి. దానికి మనవాళ్ళ చేత తిట్లు కూడా తినాలి. పాయసం పెట్టినవాళ్ళని కాదు, పొద్దున్నే నిలదీసినవాళ్ళని లెక్కపెట్టుకోవాలని అక్క ఇప్పుడు అంటుంది. ఆ రాత్రి వ్యాన్‌లో బనియాస్ దాకా నాగమణి ఆమెతో మాట్లాడలేదట.

చివరగా పనికొచ్చే మాట ఒకటి. ఆదివారం డేరా వెళ్ళి, ఎండకి తాళలేకపోతే, మీరు ఆడవాళ్ళయితే ఆ హోటల్ పక్క సందులో రెండో అంతస్తులో ఉన్న మా గదికి వెళ్ళండి. చెప్పులు బయట విప్పాలి, నీళ్ళ సీసా మీరే తెచ్చుకోవాలి. తలుపు వేసి ఉంటే కింద దర్జీ కొట్టు దగ్గర నాగమణి కోసం అడగండి. తాళం ఆమె దగ్గరే ఉంటుంది.