పసుపు లేని గిజిగాడు

మా అమ్మాయి సుజాత తీసిన ఫొటోకు కాలేజీ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. పట్టలేని సంతోషంతో వరాఛాలో మా గల్లీ అంతా దూద్‌పేడాలు పంచాను. బార్డోలీ చెరుకు తోటల దగ్గర గూడు అల్లుతున్న గిజిగాడి ఫొటో అది, పసుపు ముద్దలాంటి పిట్ట, తీసేటప్పుడు నేనూ పక్కనే ఉండి చూశానని అందరికీ చెప్పాను. ఈ రోజు ఫొటో ఇంటికొచ్చింది. చూస్తే పిట్ట బొగ్గు పూసినట్టుంది. నలుపు తెలుపు రీలు వేసిందట.

మా మగ్గాల మీద గుడ్డ తెల్లగానే దిగుతుంది, మిల్లులో రంగు పడ్డాకే చీర అవుతుంది. అందుకని ఫొటోలకు రంగులు దిద్దే స్టూడియోకు బయలుదేరాను. గుమ్మంలోనే బిడ్డ ఆపింది.

"ఏడికి బాపు?"

"జర పసుపు ఏయించుకొస్త బిడ్డా. గిట్ల జూస్తే కాకి అంటరు."

"పసుపుంటే అందరు పిట్టనే జూస్తరు. అది ఎట్ల అల్లిందో ఎవలు జూస్తరు?"

ఈ పిల్లతో వాదించలేక కూలబడ్డాను. సాయంత్రం నాతో మగ్గం నడిపే మల్లేశం వచ్చాడు. వీడైనా నా పక్షాన మాట్లాడతాడని ఫొటో చేతికిచ్చాను. వాడు ఒక్కో గడ్డిపోగు వెంట వేలు నడిపి, "ఏందే అన్నా, ఒక్క పోగు తెగలే" అన్నాడు. ఇంకో నలుగురొచ్చి వాడి భుజాల మీదుగా తొంగి చూశారు. పిట్టది ఏ రంగని ఒక్కడూ అడగలేదు.

వాళ్లు వెళ్లాక కళ్లద్దాలు పెట్టుకుని నేనూ చూశాను. నిజమే, ఎక్కడా తెగలేదు. అయినా కొంచెం పసుపు ఉంటే ఏం పోయేది? మీరే చెప్పండి.