అమ్మ నూనె రాసిన రబ్బరు దుప్పటి

ఆ రోజు పొద్దున కరెంటు స్తంభం కింద, తీగల మీద కప్పే రబ్బరు దుప్పటి విప్పుతుంటే మడతలు ఒకదానికొకటి జిగటగా అంటుకున్నాయి. ఎండకు అలా అయిందనుకున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న కాలం. నేను కోరుట్లలో లైన్‌మన్‌ను. సమ్మె వల్ల సబ్‌స్టేషన్‌లో మనుషులు లేరు, లైన్ ఆపించే వీలు లేదు. ఒక తీగ తెగి వీధిలో పడేలా ఉంది. కరెంటు ఉండగానే ఎక్కి, పక్క తీగ మీద దుప్పటి కప్పాను. రబ్బరు మంచిదైతే దానికి చెయ్యి తగిలినా ఏమీ కాదు. గ్లోవ్‌కు పైన, మోచేతి దగ్గర, నా కుడి చెయ్యి దానికి ఆనింది.

తర్వాత వినిపించింది తోటి లైన్‌మన్ రాజేశం గొంతు. "అన్నా, కండ్లు తెరువే!" ఎండిన వెదురు కర్రతో నన్ను తప్పించింది అతనే. బెల్టు ఉండబట్టి కింద పడలేదు.

జగిత్యాల దారిలో రాస్తారోకో. అయినా మా జీపును చూసి జెండాలు పట్టుకున్నవాళ్లే బండలు పక్కకు దొర్లించారు. ఆసుపత్రిలో ECG తీశారు, గుండె బాగానే ఉంది. మోచేతి దగ్గర కాలిన మచ్చ రూపాయి బిళ్లంతే. ఇంటికి పోవచ్చనుకున్నాను. సాయంత్రానికి చెయ్యి ఉబ్బి రాయిలా అయింది, వేళ్లకు స్పర్శ పోయింది, మూత్రం నల్లగా వచ్చింది.

డాక్టర్ చెప్పింది: "కరెంటు గాయం పైకి చిన్నగ కనపడ్తది, లోపల కండను కాలుస్తది. ఇది compartment syndrome, లోపలి వాపుకు కండ నలిగి రక్తం ఆడుతలేదు. ఇప్పుడే fasciotomy చేసి, అంటే చెయ్యి కోసి, ఆ ఒత్తిడి తియ్యకపోతే చెయ్యి తీసెయ్యవలసి వస్తది."

వెంటనే కరీంనగర్ తీసుకుపోయి చెయ్యి పొడవునా కోసి, వాపు తగ్గేదాకా కుట్లు వెయ్యకుండా ఉంచారు. నేను అడిగింది ఒక్కటే: "ప్రభువా, ఈ చెయ్యి నాకు ఉంచు."

నన్ను చూడ్డానికి మా ఇంజనీర్ సారు వచ్చాడు. "దుప్పటికి నూనె ఎవరు రాసిండ్రు? నూనె తగిల్తె రబ్బరు ఉబ్బి, మెత్తబడి పలుగుతది" అన్నాడు.

మంచం పక్కన మా అమ్మ రూతమ్మ లేచి నిలబడింది. "నేనే సారూ. ఆదివారం ఆదివారం రాసిన, నా కొడుకు పైలంగ ఉండాలెనని."

మా చర్చి సంఘంలో పనిముట్లను ప్రార్థనకు తెచ్చే అలవాటుంది. కొడవలి, కత్తెర, బీడీల చాట, అన్నిటికీ ప్రార్థన నూనె రాస్తారు. ఇంట్లో ఉంచే నా దుప్పటికీ అమ్మ రాసింది, ధారాళంగా రాసింది.

ఆ దినం నుంచి అమ్మ ఎప్పటిలా ప్రార్థిస్తూ నా తల మీద చెయ్యి పెట్టలేదు. ప్రార్థన వేళ పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. కోసిన చోట వేరే చోటి చర్మం తెచ్చి వేసిన skin graft చీము పట్టి ఊడిపోయినప్పుడైతే అన్నం కూడా మానింది. నా చెయ్యి కన్నా నాకు అదే భయమైంది.

"అమ్మా, గంత నూనె నా నెత్తికన్న రాయకపోతివి. ఎంటికలు ఎండి పీచయినయి" అన్నాను.

"నోర్ముయ్ రా" అని నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఏడుస్తూనే నా తల మీద చెయ్యి పెట్టింది. రెండో graft నిలిచింది. దేవునికి స్తోత్రం, డాక్టర్లకు వందనం.

వేళ్లు వంగడానికి సిరిసిల్లలో అక్క ఇంట్లో ఉండి physiotherapy చేయించుకున్నాను. మిగతా పొద్దంతా అక్క నా చేత మగ్గాలకు దారం కండెలు చుట్టించేది. దారం తెగితే "మా సేటు నీకు కూలి ఇయ్యడు తమ్మీ" అనేది. చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. మిగతా చెయ్యి నాదే.

మళ్లీ డ్యూటీలో ఉన్నాను. సంఘంలో నా సాక్ష్యం విన్నాక పాస్టర్‌గారు, రబ్బరు వస్తువు మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తే చాలు, నూనె వద్దని చెప్పారు.

ఈ పని చేసే అన్నదమ్ములకు నా మాట ఇదే: టెస్టింగ్ ముద్ర ఉన్నా సరే, ఎక్కే ముందు దుప్పటిని వెలుతురులో పరిచి ఒక మూల నుంచి చుడుతూ రెండు వైపులా చూడండి. జిగట, ఉబ్బు, పగులు, ఏది కనిపించినా కప్పకండి. నూనె, గ్రీజు తగలనివ్వకండి.

మా ఇంట్లో ఆ పని అమ్మది కూడా. జీవితమంతా బీడీలు చుట్టిన వేళ్లు. "చిల్లు ఆకు పక్కకు పెట్టుడు నాకు కొత్తనా?" అంటూ దుప్పటిని అంగుళం అంగుళం తడుముతుంది. ఆ తర్వాతే దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థనకు కళ్లు మూసుకుంటుంది.