భోజలి పేరు నేను పలకలేదు

ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగలేను, బయటికి తేలేను. అన్నం తింటున్నా అదే, పడుకున్నా అదే. ఎన్ని ఏళ్ళయిందో లెక్క పెట్టడం మానేశాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతున్నాను, ఒకరు రాసిపెడుతున్నారు. చదివే మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకైతే ఇది చెప్పలేను.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన రాయ్‌పూర్‌లో ఇనుము ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఆయన పోయాక ఒక ఆడపిల్లల కాలేజీలో ఊడ్చే పనికి కుదిరాను. నాతోపాటు ఇంకొకామె ఉండేది. ఛత్తీస్‌గఢీ మనిషి. రాయ్‌పూర్‌లోనే మోవా అనే పేటలో మా పక్క గుమ్మమే.

ఇక్కడి ఆడవాళ్ళలో ఒక కట్టు ఉంది. రాఖీ మర్నాడు, చీకట్లో పెంచిన గోధుమ మొలకలు ఒకరి చెవి మీద ఒకరు పెట్టుకుంటే ఇద్దరూ భోజలి అవుతారు. తోబుట్టువులకన్నా ఎక్కువ. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. భోజలీ అనే పిలుచుకోవాలి. నేను తెలుగుదాన్నని చూడకుండా ఆమె నాకు మొలకలు పెట్టింది. "ఇన్నాళ్ళూ నీ నోట రానిది మీ ఆయన పేరొక్కటే. ఇక నాదీ అంతే" అని నవ్వింది.

ఆ వేసవిలో కాలేజీలో నీళ్ళూ కరెంటూ పొదుపు చేయాలని పట్టుబట్టారు. నీళ్ళు తక్కువ పట్టేలా ఫ్లష్ ట్యాంకుల్లో ఇసుక నింపిన సీసాలు పెట్టించారు. అడ్డగీత కొట్టిన బల్బు బొమ్మలు స్విచ్‌ల పక్కన అంటించారు. ఖాళీ గదుల్లో ఫ్యాన్లు ఆపడం, కారే కుళాయిలు కట్టడం, మోటారు వేసి ట్యాంకు నిండగానే ఆపడం మా ఇద్దరి పని. మోటారు గది తాళం మా దగ్గరే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం. రేకుల ఇంట్లో రాత్రంతా నిద్ర లేదు. మోటారు వేశాను. పై అంతస్తులో ఒక ఖాళీ క్లాసులోకి వెళ్ళి, నా చేత్తో ఆపాల్సిన ఫ్యాన్ కిందే చీర కొంగు పరుచుకుని పడుకున్నాను. ఒక్క కునుకు అనుకున్నాను. ఫ్యాన్ చప్పుడులో ట్యాంకు పొర్లి కారుతున్న చప్పుడు వినపడలేదు. నిజంగా వినపడలేదా? విని కూడా లేవలేదా? ఇప్పుడు నన్ను నేను ఎంత అడిగినా నాకే తెలియడం లేదు. లేచేసరికి బోరు అడుగంటింది, నీళ్ళు లేకుండా తిరిగి తిరిగి మోటారు కాలిపోయింది. పరీక్షల రోజులు. హాస్టల్ పిల్లలు బకెట్లు పట్టుకుని ట్యాంకర్ కోసం ఎండలో నిలబడ్డారు.

పొదుపు పని చూసే మేడం మొదట నన్ను పిలిచారు.

"బోలో బాయీ, మోటారు ఎవరు వేశారు?"

చేతిలోని చీపురు గోడకు ఆనించాను.

"పేరు చెప్పు."

నోరు తెరిచాను. నేనే అని చెప్పడానికే తెరిచాను. లేక అలా అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నానా? పని పోతే తినేదేమిటి అన్న భయం ముందొచ్చింది. తల వంచుకున్నాను.

మేడం నవ్వారు. "అరే, మీరిద్దరూ భోజలి కదా. దాని పేరు నీ నోట ఎలా వస్తుంది? రహనే దో, సమఝ్ గయీ" అన్నారు. పోనీలే, అర్థమైంది అని.

నేను ఊఁ అనలేదు. కాదనలేదు. అబద్ధం ఒక్కటీ ఆడకుండా ఆమె మెడకు తాడు వేశాను.

తర్వాత ఆమెను పిలిచారు. తలుపు బయట నిలబడి విన్నాను. "నేను కాదు మేడంజీ" అంది. "మరెవరు?" అన్నారు మేడం. తాళం ఇద్దరి దగ్గరే కదా, ఆమెకు తెలియకుండా ఉంటుందా? నా వైపు వేలు చూపిస్తే చాలు. చూపించలేదు. "ఇద్దరూ నోరు విప్పని వ్రతమే పట్టారే. ఒకరైనా ఇంటికి పోవాలి కదా" అన్నారు మేడం. రేపటి నుంచి రావద్దన్నారు. ఆమె బయటికి వచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది.

"చల్ భోజలీ, ఘర్ జాబో" అంది. పద, ఇంటికి పోదాం అని.

దారంతా ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు.

ఆమె ఊరి బయట ధర్సీవా వైపు ఒక ఫ్యాక్టరీలో బొగ్గు ఏరే పనికి పోయింది. ఇప్పుడు గోడ అవతల ఆమె దగ్గు నాకు వినపడుతుంది. నేను కాలేజీలోనే ఉండిపోయాను. ట్యాంకు నిండితే దానంతట అదే ఆగిపోయే మోటారు తెచ్చారు. ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు.

ఏటా రాఖీ మర్నాడు ఆమె మొలకలు తెస్తుంది. నేను తల వంచుతాను, ఆ రోజు మేడం ముందు వంచినట్టే. చెవి మీద ఆ చల్లటి తడి తగలగానే పారిపోవాలనిపిస్తుంది. ఎక్కడికి? ఇల్లు మారితే ఎందుకని అడుగుతుంది. చెబితే, పోనీలే భోజలీ అంటుంది. అది వింటే నేను బతకలేను. చెప్పకపోయినా ఇది బతుకేనా?

పేరు పలికితే ఆ కట్టు తెగిపోతుందంటారు. తెగనీ. ఆ రోజు నా నోరు మూయించింది ఆ కట్టు కాదు.

ఆమె పేరు దులారిన్. రాసేవాళ్ళని సరిగ్గా రాయమన్నాను. మోటారు వేసింది దులారిన్ కాదు. నేను.

గోడ అవతల ఇంకా దగ్గుతోంది. నా గొంతులో మాత్రం ఇప్పుడు ఏమీ లేదు.