పెళ్లి లేని గట్టిమేళం

నాకు కుదురు లేదు. ఇప్పటికీ లేదు. కోలారులో సంగీతం ఎం.ఏ. చదివే రోజుల్లో అయితే మరీను. క్లాసులో కూర్చుంటే నా కాలు ఆడుతూనే ఉండేది, పక్కవాడు మోకాలు పట్టుకుని ఆపేవాడు. అలాంటి నేను ఇంకో నలుగురిని పోగేసి, ఒట్టి ఊదే వాద్యాలతో ఒక బృందం పెట్టాను. వయొలిన్ లేదు, మృదంగం లేదు. వేణువు, సాక్సొఫోన్, నాదస్వరం, కేజీఎఫ్ నుంచి వచ్చే సహపాఠి దగ్గరున్న పెద్ద బ్యాండు బాకా. క్లారినెట్ నాది.

హాస్టల్లో నాదస్వరం ఊదితే వార్డెన్ ఊరుకుంటాడా? రెండో రోజే తరిమేశాడు. అందుకని ఆదివారాలు బస్సెక్కి కేజీఎఫ్ వెళ్లేవాళ్లం. బాకా వాయించేవాడి ఇల్లు పాత బంగారు గని కార్మికుల లైన్లలో ఉంది. ఇంటి వెనక, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ నీడలో కూర్చుని ఎంత ఊదినా అడిగేవాడు లేడు. గాలి లేచిందంటే మాత్రం దిబ్బ మీది పొడి వచ్చి నోట్లో పడేది. పుక్కిలించి ఉమ్మి, వాద్యాల్లో నోటితో ఊదే రీడ్లు కడుక్కుని, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఆ కాస్త ఆలస్యానికే నాకు చిరాకు.

నాదస్వరం వాయించేది మాకంటే రెండేళ్లు చిన్నది, కురుడుమలె దగ్గరి అమ్మాయి. వాళ్లది మేళం ఇల్లు. పెళ్లిళ్లలో తండ్రి పక్కన కూర్చుని వాయించి పెరిగింది. ఆ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పేసింది. మిగతా ముగ్గురు విని ఊరుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే నాదీ మేళం ఇల్లే. బైరకూరు చుట్టుపక్కల ఏ పెళ్లికైనా మా నాయన నాదస్వరం ఉండాల్సిందే. పదేళ్లప్పటి నుంచి ఆయన పక్కన నేను క్లారినెట్ పట్టుకున్నాను. మా వైపు మేళాన్ని ఓలగం అంటారు. పెళ్లిళ్లలో అందరి భోజనాలూ అయ్యాక మమ్మల్ని పిలిచేవాళ్లు, "ఏయ్, ఓలగమోళ్లూ, రాండ్రా" అని, నాయన వయసైనా చూడకుండా. ఆ పిలుపు నా వెంట యూనివర్సిటీ దాకా రాకూడదనుకున్నాను. అందుకే ఇక్కడ అందరికీ మా నాయన పాల డెయిరీలో పని చేస్తాడని చెప్పాను. కచేరీ చేసేవాడు అనిపించుకోవాలి, అంతే. బృందం పెట్టిందీ అందుకే. యువజనోత్సవానికి మా డిపార్ట్‌మెంట్ ఒక్క బృందాన్నే పంపుతుంది, అది మాదే కావాలి.

ఇక ఆ అమ్మాయిని వేపుకుతిన్నాను. "తల దించుకుని వాయించు. చుట్టూ చూడొద్దు. ఇది కచేరీ, పెళ్లిపందిరి కాదు."

"యాడ వాయించినా అదే రాగం కదన్నా," అనేది.

ఒక ఆదివారం నోరు జారాను. "ఓలగం బుద్ధి పోనిచ్చుకోవు కదా నువ్వు," అన్నాను. నేను ఏ మాట నుంచి పారిపోయి వచ్చానో, అదే మాట.

ఆమె నాదస్వరం సంచిలో పెట్టేసింది. "మా నాయన ఓలగమోడే. ఆయన నేర్పించిందే ఈ దినం నీకు పనికొస్తా ఉండాది. ఇంగొకసారి ఆ మాటంటే నేను రాను."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. నేను చెప్పలేదు. "సరే సరే, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుందాం," అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా చెప్పలేదు.

ఎంపిక రోజున సెమినార్ హాల్లో దీపం వెలిగించారు, పళ్లెంలో పూలు పెట్టారు. ఎదురుగా ముగ్గురు న్యాయనిర్ణేతలు. మధ్యలో పంచె కట్టుకుని శాలువా కప్పుకున్న పెద్దాయన. రాగం బాగానే మొదలైంది. మిగతా నలుగురూ వాద్యం మీదే దృష్టి పెట్టారు. నా కళ్లు మాత్రం నిలవవే. పెద్దాయన తల ఊపుతున్నాడా, ఆవలిస్తున్నాడా, ఇదే చూస్తున్నాను. అంతలో ఆయనకు ఉక్కపోసినట్టుంది, గోడ దగ్గరున్న అటెండర్ వైపు చూపుడువేలు ఎత్తి గిరగిరా తిప్పాడు, ఫ్యాన్ పెంచమని.

పెళ్లిలో తాళి కట్టే క్షణాన పురోహితుడు అచ్చం అలాగే వేలెత్తి తిప్పుతాడు. అది కనబడగానే మేళంవాళ్లు వాయించేదాన్ని ఎక్కడికక్కడ వదిలేసి, ఊపిరంతా పెట్టి గట్టిమేళం అందుకోవాలి. చిన్నప్పుడు ఒకసారి ఆ వేలు చూడనందుకు మా నాయన నెత్తిన మొట్టాడు. ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజూ తప్పలేదు. నా వేళ్లు నన్నడగలేదు. హాలు అదిరేలా గట్టిమేళం అందుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం నేను చెప్పినట్టే తల దించుకుని రాగంలోనే ఉంది. నలుగురూ ఒక్కొక్కరే ఆపేశారు. అందరికన్నా ఆఖర్న ఆపింది నేను.

"ఎవరిదప్పా పెళ్లి?" అని పెద్దాయన నవ్వాడు. హాలంతా నవ్వింది. సాక్సొఫోన్‌వాడికి ఏమీ అర్థం కాలేదు, "పాట మర్చిపోయినావా?" అని నా చెవిలో అడిగాడు. ఉత్సవానికి వేరే బృందాన్ని పంపారు.

బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆ అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"మీది యా ఊరి మేళమన్నా?" అంది. కోపంగా కూడా అడగలేదు.

"బైరకూరు. నాదస్వరం మా నాయనది."

నాదస్వరం సంచిలో సర్దుకుంది. తర్వాత, "నువ్వు ఈడ ఇట్ల దాచిపెట్టినావని ఆయనకి తెల్సునా?" అని అడిగింది.

తెలుసు. మొదటి సంవత్సరంలో ఒకసారి నాయన నాకోసం రీడ్లు కొని హాస్టల్ గేటు దాకా తెచ్చాడు. సాక్సొఫోన్‌వాడు నా పక్కనే ఉన్నాడు. ఎవరని అడిగితే, "మా ఊరాయన," అన్నాను. అది నాయనకు వినబడింది. పొట్లం నా చేతిలో పెట్టి, వాడివైపు తిరిగి, "అవునప్పా, వీళ్ల నాయన ఇచ్చి పంపించినాడు," అన్నాడు.