మామ గడ్డం బ్రష్

మా మామ పోయిన నెలలో ఉదయగిరిలో, మా ఇంట్లోనే, తెల్లవారుజామున నిద్రలో పోయారు. పెద్దకర్మకు వచ్చినవాళ్లు ఆయన సేద్యం గురించి, ఆయన తీర్చిన తగాదాల గురించి చెప్పుకున్నారు. అవన్నీ నిజమే. ఆఖరి ఏడాది ఆయన దేనికోసం పట్టుబట్టారో మాత్రం ఎవరూ అనలేదు. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని, రాయడం అలవాటు లేదు. అయినా ఇంట్లో పిల్లలకు తెలియాలని కలం పట్టాను.

ఆయన రోజూ గడ్డం గీసుకునేవారు. జ్వరమొచ్చినా మానేవారు కాదు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక సెలూన్ వాళ్లను పిలుస్తామన్నా, కొడుకుగా మా ఆయనే గీస్తానన్నా ఒప్పుకోలేదు, ఎడంచెయ్యి అడ్డం పెట్టేవారు.

"నా మొగం నేను చూసుకున్నన్నాళ్లే నేను మనిషిని. ఎడంచెయ్యి ఉండాది గదా" అన్నారు.

ఎడంచెయ్యి మాట వినలేదు. గడ్డం పెరిగింది. అరుగు మీద కూర్చోవడం మానేశారు. ఎవరైనా చూడ్డానికి వస్తే గోడవైపు తిరిగి పడుకునేవారు.

పాత బ్రష్ కుచ్చు కూడా ఊడిపోతే, నురగ బాగా వస్తే ఎడంచేత్తోనైనా గీసుకుంటారని మా ఆయన ఆత్మకూరులో కొత్తది కొనుక్కొచ్చారు. అది చీపురుపుల్లల్లా గరుకుగా ఉంది. నురగ రాలేదు సరిగదా, చెంప ఎర్రగా గీరుకుపోయింది.

"ఏందిరా ఇది, బాండలి తోమేదా?" అని మామ దాన్ని విసిరికొట్టారు.

"అసలైన పంది వెంట్రుకలంట నాయనా. మెత్తబడేదాకా రోజూ నానబెట్టి సబ్బుతో రుద్దాలని అంగడాయన చెప్పినాడు" అన్నారు మా ఆయన.

ఆ పని నాకు పడింది. శనివారాలు ఉపవాసం ఉండేదాన్ని, పూజ చేసే చేత్తో పంది వెంట్రుకలు ఎలా పట్టుకోను? మైల పోతుందని గిన్నెలో బ్రష్ పెట్టి, పసుపు వేసి, మరిగే నీళ్లు పోశాను. అడుగున బంక కరిగి కుచ్చంతా పసుపునీళ్లలో తేలింది.

మామ తొంగిచూశారు. "ఏమ్మే, పులుసు పెట్టినావా?"

సంగతి చెప్పాను. జబ్బు చేశాక ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

"వరాహసామికి దండం పెడతావు గదా. ఆయప్పను గూడా మరిగే నీళ్లల్లో ముంచుతావా?"

ఇంకో బ్రష్ తెప్పించాను. రోజూ గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, సబ్బు అద్ది, అరచేతిలో గుండ్రంగా తిప్పేదాన్ని. తర్వాత బాగా కడిగి, విదిలించి, కుచ్చు కిందికి ఉండేలా కిటికీ ఊచకు కట్టేదాన్ని. మొదట్లో అరచెయ్యి మండేది. వాసన కూడా ఉండేది. తిప్పినంతసేపూ సామి నామాలు చెప్పుకునేదాన్ని. నామాలన్నీ అయిపోయినా నురగ వచ్చేది కాదు. రానురాను కొసలు చీలి మెత్తబడ్డాయి. నాలుగు నామాలు చెప్పేలోపే అరచెయ్యి నిండేది.

అప్పుడు ఇచ్చాను. ఎడంచేత్తో, అద్దం ముందు, ఆయన చాలాసేపు తంటాలు పడ్డారు. గడ్డం కింద రెండుచోట్ల తెగింది. తువ్వాలుతో అద్దుకుని నేరుగా అరుగు మీదికి పోయి కూర్చున్నారు.

ఎదురింటి ఆయన అరిచాడు. "ఏం పెద్దాయనా, పెండ్లికొడుకు మాదిరుండావే!"

"పిల్లను చూసిపెట్టు మరి" అన్నారు మామ.

ఆ తర్వాత పోయేదాకా ఒక్కరోజు కూడా మానలేదు.

ఈ కాగితాలు పెట్టెలో దాచండి, పదిమందికీ చూపించొద్దు. తన మొగం విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ.

మామ పోయిన రోజు, ఆఖరి స్నానానికి ముందు ఆయనకు గడ్డం గీయడానికి మా ఆయన బ్రష్ తీసుకోబోతే ఆగమన్నాను. పొయ్యి మీద నీళ్లు గోరువెచ్చగా చేసి అందులో ముంచాను. పాడె కట్టేవాళ్లు తొందర పెడుతున్నారు.

"ఇంక ఆయనకేం తెలుస్తాది మే?" అంది ఆడబిడ్డ.

కుచ్చు నానాక అరచేతిలో తిప్పి మా ఆయనకిచ్చాను. చెంపల మీద నురగ తెల్లగా, ఒత్తుగా లేచింది. మామ ఎడంచెయ్యి కుడిచెయ్యి పక్కనే ఉంది, అడ్డు రాకుండా.