తాతా, వచ్చు!

మీకు వ్యాకరణం ఎవరు నేర్పారు? పంతులుగారు అనకండి. బడి మెట్టు ఎక్కకముందే మీకది వచ్చు. ఈ సంగతి నాకు తెలిసింది నా చిన్నప్పుడు, డెబ్బైల్లో, నర్సీపట్నంలో మా ఇంటి పెరట్లో. జీడిపిక్కలు ఏరే రోజులవి.

మా చెల్లికి అప్పుడే మూడేళ్లు నిండాయి. మాటలు ఆలస్యంగా మొదలుపెట్టింది. మొదలుపెట్టాక కూడా "తాతా, రా" అనేది కాదు, "తాతా, వచ్చు" అనేది. పాలు కావాలంటే "పాలు ఇచ్చు" అనేది. వీధి పిల్లలు "వచ్చమ్మా, వచ్చు వచ్చు" అంటూ వెంటపడి ఏడిపించేవారు. మా మామ్మకు దిగులు పట్టుకుంది. "సరస్వతమ్మ దీని నాలిక మీద రాయలేదర్రా. నోరు తిరగాలంటే సురకే దారి" అంది. పసుపుకొమ్ము కాల్చి పిల్లల గొంతు కింద చురకలు పెట్టే ముసలాయనకు, ఆదివారం రమ్మని కబురు పంపింది. మా అమ్మ చాటుగా ఏడ్చిందే గాని అత్తగారికి ఎదురు చెప్పలేకపోయింది.

ఆదివారం ముసలాయన వచ్చి కూర్చున్నాడు. కుంపటి రాజుకుంటోంది. సరిగ్గా అప్పుడే యలమంచిలి బస్సు దిగి మా మేనత్త వచ్చింది. అక్కడి బళ్లో టీచరు, సభల్లో మగవాళ్లను నిలబెట్టి వాదించే మనిషి. సంగతి విని కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. చెల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చేతిరుమాలు మెలిపెట్టి బొమ్మ చేసింది. దాన్ని గిర్రున తిప్పి, "చూడవే, బొమ్మ లిచ్చింది!" అంది. చెల్లి కిలకిలా నవ్వింది.

"మళ్లీ అలాగే చెయ్యమని బొమ్మకి నువ్వు సెప్పు."

"బొమ్మా, లిచ్చు!" అని చెల్లి హుకుం జారీ చేసింది.

మేనత్త మామ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఆ మాట నేనిప్పుడే పుట్టించాను. మరి 'లిచ్చు' అని దీనికి నేర్పిందెవరు?"

"నాకేటి తెలుసే!"

"ఎవరూ లేరు. గిచ్చింది, గిచ్చు. గుచ్చింది, గుచ్చు. అలాగే వచ్చింది, వచ్చు. సూత్రం దానంతట అదే కట్టుకుంది. నిఘంటువులో పండితులు రాసిన మూలం కూడా 'వచ్చు' అనే. పండితుల మాట పిల్ల నోట వస్తే గొంతు కాలుస్తావేటి?"

మామ్మ చెంబుడు నీళ్లు తెచ్చి కుంపటిలో పోసేసింది. "ఓలమ్మ, మూడేళ్లకే పండితురాలైపోనాదా ఇది!" అంటూ ముసలాయనకు కాఫీ ఇచ్చి సాగనంపింది.

భాష ఆకాశం నుంచి ఊడిపడలేదని మేనత్త ఆ మధ్యాహ్నం నాకు చెప్పింది. గుంపుగా బతికి, కలిసి పిల్లల్ని సాకిన మనుషులు తరతరాలుగా అరుపుల్ని మాటలుగా, మాటల్ని వాక్యాలుగా పేర్చుకున్నారంది. అదెలా మొదలైందో శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వాదించుకోనివ్వండి, తెలియనిదాన్ని తెలియదనడమే శాస్త్రం. విన్న నాలుగు మాటల్లోంచి సూత్రం పట్టే నేర్పు మాత్రం పసిబిడ్డలతోనే పుడుతుంది. దానికి ఏ దేవత రాతా అక్కర్లేదు, ఏ కులం అనుమతీ అక్కర్లేదు. మనిషిగా పుట్టినందుకు ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇన్నేళ్లయినా తగ్గలేదు. పెద్దయ్యాక వేదికల మీద నా యాసలోని 'ఏటి'ని వెక్కిరించినవాళ్లకు, దానికీ వ్యాకరణముందని తలెత్తుకునే జవాబు చెప్పాను.

మీ పసివాళ్లు తప్పు మాట్లాడితే నవ్వడం మానండి. ఆ తప్పు వెనక ఏ సూత్రముందో వినండి. అసలు మాటే రాకపోతే డాక్టరుకు చూపించండి. పిల్లల ఒళ్లు కాల్చే ఇల్లు మీ వీధిలో ఒక్కటున్నా, ఇవాళే వెళ్లి ఆపండి.